మంచు మీద గుమ్మడికాయ

మా మరిది దుర్గేష్‌ని అందరూ నోట్లో నాలుక లేని మనిషి అంటారు. నాలుక ఉంది. ‘నో వరీస్’ అనడానికి తప్ప దాన్ని ఇంక దేనికీ వాడడు, అంతే. సూపర్ మార్కెట్లో ఎవరో ట్రాలీతో మడమ మీద గుద్దితే నో వరీస్ అంటాడు. ఫ్లాట్ బుష్‌లో వాళ్ళ పక్కింటాయన తన చెత్త డబ్బా తెచ్చి వీళ్ళ గేటుకి అడ్డంగా పెడితే, దాన్ని తనే పక్కకి జరిపి నో వరీస్ అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నేను అతని భార్య ఉషశ్రీకి అక్కని. శేషారత్నం నా పేరు. వాళ్ళకి దగ్గర్లోనే, టకానినిలో ఉంటాను. మంట లోపల దాచుకునే అలవాటు నాకు లేదు.

అయితే ఇప్పుడు చెప్పబోయేది మంట గురించి కాదు. మంట చల్లారుతుంది. నాకు మిగిలింది అసహ్యం, అది ఇప్పటికీ చల్లారలేదు.

దుర్గేష్‌ది రావులపాలెం. వాళ్ళ నాన్న సుబ్బరామయ్యగారికి హైవే పక్కన లారీల మరమ్మతు షెడ్డు ఉండేది. కొత్త లారీ అయినా, ఇంజను మార్పించుకున్న పాత లారీ అయినా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బూడిద గుమ్మడికాయతో దిష్టి తీసి పగలగొట్టకుండా ఆయన గేటు దాటనిచ్చేవారు కాదు. పంతులుగారికి తీరిక లేనిరోజు సంకల్పం చదివే పని దుర్గేష్‌ది. డ్రైవరు గోత్రం, పేరు, క్లీనరు గోత్రం, పేరు అడిగి తెలుసుకుని, చెప్పులు విప్పి, పైకి స్పష్టంగా చదివేవాడు. ఎవరికైనా గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం వేసేవాడు. ఏ పేరూ వదిలేయకూడదని సుబ్బరామయ్యగారి పట్టుదల. బండి మీద ఎక్కేవాడి పేరు దేవుడి దగ్గర చెప్పకుండా బండిని రోడ్డు మీదికి వదలడం పాపమనేవారట.

అలా పెరిగినవాడు చదువుకుని, న్యూజిలాండ్ వచ్చి, సెల్‌ఫోన్ టవర్లు చూసుకునే ఇంజనీరయ్యాడు. ఒక చలికాలం సౌత్ ఐలండ్‌లో, అలెగ్జాండ్రా ఊరి పైన కొండ మీదున్న టవర్ పనిచేయడం మానేసింది. కంపెనీ ఇతన్ని పంపింది. పైన నడుం లోతు మంచు. కారు పోదు, మనిషి నడవలేడు. మారిస్ అనే ముసలాయన తన స్నోమొబైల్ వెనక సీటు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. అది స్కూటర్‌కి ముందు రెండు స్కీ బద్దలూ, వెనక యుద్ధ ట్యాంకుకున్నట్టు రబ్బరు పట్టా తగిలించినట్టుంటుంది. శబ్దం వాళ్ళ నాన్న షెడ్డు లారీలకేం తీసిపోదు.

టవర్ బాగుపడింది. మనిషే పాడయ్యాడు. తిరిగొచ్చి మా ఇంట్లో భోజనానికి కూర్చుని, అన్నం కలుపుతూ ఆ కొండ సంగతే చెప్పాడు.

"పైకి వెళ్ళాక ఇంజను ఆపేస్తాం వదినా. ఇంక ఏం వినపడదు. మన ఊపిరి మనకి వినపడుతుంది. నేనెవడినో ఎక్కణ్ణించొచ్చానో ఆ కొండకి అక్కర్లేదు."

"పెళ్ళిచూపుల్లో కూడా ఈ మొహం చూడలేదక్కా నేను," అంది ఉష.

అప్పట్నుంచి ప్రతి చలికాలం సెలవు పెట్టుకుని వెళ్ళేవాడు. పాత బండి ఒకటి కొని మారిస్ షెడ్డులో పెట్టుకున్నాడు. హై టస్సాక్ స్నోమొబైల్ క్లబ్ అని అక్కడివాళ్ళది ఒకటుంది, అందులో చేరాడు. ఆ కొండ మీదికి బండి తీసుకెళ్ళడానికి క్లబ్బు సభ్యులకే అనుమతి. సభ్యత్వం లేకపోతే కొండ లేదు.

మొదటిసారి తన బండి ఎక్కేముందు ఇతను నిమ్మకాయలు తీశాడట. చక్రాలు లేవు కదా, స్కీ బద్దల కింద పెట్టాడు. బండి ముందుకి పోతే అవి నలగవు, మెత్తటి మంచులోకి దిగబడిపోతాయి. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, మారిస్ మాత్రం వంగి నిమ్మకాయలు తవ్వి తీసి, ఒక చెక్కపలక తెచ్చి దాని మీద పెట్టి, "ఇప్పుడు పోనీ" అన్నాడట. ఆ ముసలాయన మీద నాకు గౌరవం ఉంది. ఈ కథలో ఇంకెవరి మీదా లేదు.

ఆ ఏడే క్లబ్బు ప్రెసిడెంట్ గ్రాహం బండి కొండ అంచు దాటి, ఒక స్కీ గాల్లో వేలాడుతూ ఆగింది. మనిషి బతికాడు. మర్నాడు దుర్గేష్ దగ్గరికొచ్చి, "డర్గ్, నీ నిమ్మకాయల పని నా బండికి కూడా చెయ్యి" అన్నాడు. మరుసటి ఏడు నుంచి అందరి బళ్ళకీ. సీజన్ మొదలయ్యే రోజు వరసగా బళ్ళు నిలబెట్టి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇతను బూట్లు విప్పి మంచు మీద మేజోళ్ళతో నిలబడి సంకల్పం చదివేవాడు. వాళ్ళకి గోత్రాలెక్కడివి? అందరికీ కాశ్యప గోత్రమే. ఆ కొండ మీద కాశ్యప గోత్రీకులు అలా పెరిగిపోయారు. తన పేరు వచ్చినప్పుడు ఒక్కొక్కడూ తల వంచేవాడట. ఆ వీడియోలు మాకు చూపించి మురిసిపోయేవాడు. నుదుటిన బొట్టుతో గ్రాహం, ఎర్రటి మొహం, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని. చూసి నేనూ మురిశాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు వెగటుగా ఉంటుంది.

ఈ ఏడాది క్లబ్బు కొత్త బండి కొంది. మంచులో చిక్కుకున్నవాళ్ళని మోసుకొచ్చే పెద్ద బండి. గ్రాహం తనే ఫోన్ చేశాడు. "డర్గ్, పెద్ద బండికి పెద్ద పూజ కావాలి. మీ నాన్న పగలగొట్టేవాడన్నావే, ఆ గుమ్మడికాయ తీసుకురా."

దుర్గేష్ పాపటోయ్‌టోయ్‌లో మన సరుకుల షాపులన్నీ తిరిగి, బూడిద రాలుతున్న మంచి కాయ ఎంచి కొన్నాడు. విమానంలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాడు. కొండ మీద దానికి చిల్లు చేసి, కుంకుమ నింపి, పైన కర్పూరం వెలిగించి, పేర్లన్నీ చదివి, కొత్త బండికి మూడుసార్లు తిప్పాడు. పగలగొట్టబోతుంటే గ్రాహం చేతులు చాచి, "అది ప్రెసిడెంట్ పని" అన్నాడు. ఇతను ఇచ్చేశాడు. గ్రాహం కాయని తల మీదికెత్తి విసిరికొట్టాడు. తెల్లటి మంచు మీద కుంకుమ పెద్ద చాప పరిచినంత మేర చిందింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ కొండ మీద కాగితం ముక్క కూడా వదలకూడదని క్లబ్బు నియమం. ప్రతి ఏడూ దుర్గేష్ కుంకుమ పడిన మంచుతో సహా అన్నీ పారతో ఎత్తి, సంచిలో వేసి కిందికి తెచ్చేవాడు. ఆ రోజు కూడా పార పట్టుకుని వంగాడు. గాలి లేస్తోంది. గ్రాహం గుమ్మడి ముక్కల్ని బూటుతో లోయలోకి నెట్టేసి, "వదిలెయ్ మేట్, రాత్రికి మంచు పడుతుంది, అంతా కప్పేస్తుంది. పద" అన్నాడు.

మా వాడేమన్నాడో చెప్పనక్కర్లేదు. నో వరీస్.

రాత్రి మంచు పడలేదు. పొద్దున్నే ఎండ కాసింది. పై పొర కరిగి కుంకుమ ఇంకా పాకింది. స్కీలు కట్టుకుని అటుగా వచ్చిన ఒకావిడ దాన్ని ఫోటో తీసి నెట్లో పెట్టింది. చుట్టూ స్నోమొబైల్ జాడలు, మధ్యలో ఎర్రటి మడుగు. సాయంత్రానికి ఒక వార్తల సైటు దాన్ని ఎత్తుకుంది. ‘మంచు మీద నెత్తురు. స్నోమొబైల్ మూక ఎవర్ని తొక్కి చంపింది?’

ఎవరూ క్లబ్బుకి ఫోన్ చేసి అడగలేదు. కొండ ఎక్కి చూడలేదు. ఆ ఎరుపు ముట్టుకుని చూసినవాడు లేడు. కియా అనే కొండ చిలకని చంపారని ఒకడు, కుందేలుని తరిమి తరిమి బండి కింద వేశారని ఒకడు. అవి ఎలా చచ్చిపోయుంటాయో కింద కామెంట్లలో వర్ణించారు. చూసొచ్చినట్టు రాశారు. చచ్చిందేదీ లేకుండానే ఇంత ఏడుపు ఏడ్చేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. క్లబ్బువాళ్ళు తక్కువ తిన్నారా? వాళ్ళూ దిగారు. ‘మీ ఆడవాళ్ళు కాలు విరగ్గొట్టుకుంటే మోసుకొచ్చేది మేమే’ అని ఒకడు, ‘మీ కారు పొగ కంటే మా బండి పొగ నయం’ అని ఇంకొకడు. వాళ్ళందరూ ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళే. అది గుమ్మడికాయ అని ఒక్కడూ రాయలేదు. అంత పొడుగు తగాదా మొత్తం చదివాను నేను. చదివాక అన్నం సయించలేదు.

దుర్గేష్ గ్రాహంకి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్ పెట్టించాను.

"గుమ్మడికాయ అని చెప్పేద్దాం గ్రాహం. అక్కడితో అయిపోతుంది," అన్నాడు.

"నాకు వదిలెయ్. పర్మిట్ రెన్యువల్ ముందుంది, ఆచితూచి మాట్లాడాలి. క్లబ్బు తరఫున రెస్పాన్స్ రాస్తున్నాం," అన్నాడు గ్రాహం.

కొండ ప్రభుత్వానిది. అక్కడ బళ్ళు నడుపుకోవడానికి క్లబ్బుకిచ్చిన పర్మిట్ ఆ చలికాలంతో ముగుస్తుంది. అదీ వాళ్ళ భయం. భయపడటం తప్పని నేనను. భయం వేసినప్పుడు మనిషి ఎవర్ని ముందుకి తోస్తాడో చూడాలి.

రెండ్రోజులకి ఆ రెస్పాన్స్ వచ్చింది. ఉష చదివి వినిపించింది. ‘అది జంతువు రక్తం కాదు, ఒక రంగు పొడి. విదేశీ నేపథ్యం గల ఒక వ్యక్తి తన మతానికి సంబంధించిన తంతును క్లబ్బుకు తెలియకుండా జరిపినట్టు మా దృష్టికి వచ్చింది. ఇటువంటివి మా సంస్కృతి కాదు. సదరు వ్యక్తి సభ్యత్వం రద్దు విషయాన్ని బహిరంగ సమావేశంలో ఓటుకు పెడుతున్నాం.’

సదరు వ్యక్తి! ఎనిమిది చలికాలాలు ఒకే స్టవ్ మీద టీ కాచుకుని తాగినవాడు సదరు వ్యక్తి అయ్యాడు. బొట్టు పెట్టించుకున్న నుదురు అదే, కాయ పగలగొట్టిన చేతులు అవే. ఆ చేతులతోనే రాశాడు ‘క్లబ్బుకు తెలియకుండా’ అని. ఛీ! లేచి సింకు దగ్గరికెళ్ళి మొహం కడుక్కున్నాను.

"వీడియో ఉందిగా నీ దగ్గర? ఇప్పుడే పెట్టు. వాడి బొట్టూ వాడి మొహమూ ఊరంతా చూస్తుంది," అన్నాను.

"వద్దు వదినా. పూజ చేసిన వీడియో అది. దాంతో ఒకణ్ణి కొట్టకూడదు."

"మరేం చేస్తావు?"

"సమావేశానికెళ్ళి సారీ చెప్తాను. ఊడ్చకుండా రావడం నా తప్పేగా. నన్ను తీసేస్తే పర్మిట్ వస్తుందంటే తీసెయ్యనీ. కొండ వాళ్ళకైనా ఉంటుంది."

అప్పుడు నాకు అతని మీద కూడా రోత పుట్టింది. అబద్ధం చెప్పను, దాచను. అంత మెత్తదనం చూస్తే చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది.

ఆ ఆదివారం రవిచంద్ర వచ్చాడు. మన తెలుగు సంఘంలో పెద్ద తలకాయ. ఉగాది సభల్లో మైకు వదలడు, సంస్కృతి, మూలాలు అంటూ గంట కొడతాడు. సోఫాలో కూర్చుని గొంతు తగ్గించాడు.

"దుర్గేష్ గారూ, ఆ పర్సన్ మీరేనని బయటికి రానివ్వకండి. వీసాల మీద బోలెడు మంది పిల్లలున్నారు మనవాళ్ళు. కమ్యూనిటీకి బ్యాడ్ నేమ్. అయినా మనకెందుకండీ ఆ మంచు బళ్ళు? వీకెండ్ గుళ్ళో వాలంటీర్ చెయ్యొచ్చుగా."

"మీ టెస్లా కొన్నప్పుడు గుమ్మడికాయ ఎక్కడ కొట్టారండీ?" అని అడిగాను.

"గరాజ్‌లో, ఆంటీ. షట్టర్ దించి."

నాకంటే రెండేళ్ళు పెద్దవాడు నన్ను ఆంటీ అన్నందుకు కాదు, షట్టర్ దించి అని గర్వంగా చెప్పినందుకు, ఉష తెచ్చిన కాఫీ అతనికివ్వకుండా నేనే తాగేశాను. అతను కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

ఉషకి ఆ వారం సెలవు దొరకలేదు. దుర్గేష్‌తో నేను బయల్దేరాను. క్వీన్స్‌టౌన్‌లో విమానం దిగి కారు అద్దెకి తీసుకుని అలెగ్జాండ్రా వెళ్ళాం. దారిలో చెట్లన్నీ మంచు పేరుకుని తెల్లగా బిగుసుకుపోయి ఉన్నాయి. దూరంగా ఆ కొండ కనపడగానే దుర్గేష్ కారు స్లో చేశాడు. ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు చూశాడు. ఆ చూపుకి నా కోపం కొంచెం కరిగింది.

సమావేశం ఊళ్ళో హాల్లో. గోడవారగా బల్ల మీద నీళ్ళ టీ, పిండిలో చుట్టిన సాసేజ్‌లు. క్లబ్బువాళ్ళందరూ ఒకవైపు కూర్చున్నారు. ఇంకోవైపు కొండల్ని కాపాడతామనే బృందం. మధ్యలో ప్రభుత్వ ఆఫీసరు ఒకాయన, ఆ వార్తల సైటు నుంచి వచ్చిన కుర్ర రిపోర్టరమ్మాయి. దుర్గేష్‌ని చూసి క్లబ్బువాళ్ళు తేలు కుట్టిన దొంగల్లా టీ కప్పుల్లోకి చూసుకున్నారు. మారిస్ ఒక్కడే లేచి వచ్చి, మమ్మల్ని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ పూజయ్యాక ఆయన కాలి ఆపరేషన్‌కి క్రైస్ట్‌చర్చ్ వెళ్ళి అక్కడే ఉన్నాడట, ఆ రెస్పాన్స్ సంగతి తిరిగొచ్చాకే తెలిసిందట. "చెత్త రాత" అన్నాడు నాతో, పైకే.

గ్రాహం లేచి అదే చదివాడు. విదేశీ నేపథ్యం గల ఒక వ్యక్తి. క్లబ్బుకు తెలియకుండా. ఇటువంటివి మా సంస్కృతి కాదు. చదువుతూ ఒక్కసారి కూడా మా వరస వైపు చూడలేదు.

రిపోర్టరమ్మాయి చెయ్యెత్తింది. "ఆ వ్యక్తి ఎవరు? మాట్లాడొచ్చా?"

"పేరు అనవసరం," అన్నాడు గ్రాహం. "ఎవరో ఒకరు. పేరు ముఖ్యం కాదు."

దుర్గేష్ అప్పటికే సగం లేచాడు, సారీ చెప్పడానికి. ఆ మాట విని ఆగాడు. నేను పక్కనుంచి చూస్తున్నాను. మొహంలో ఏదో బిగుసుకుంది. మళ్ళీ కూర్చున్నాడు. ఛీ, ఇంతేనా నువ్వు అనుకున్నాను. కూర్చున్నవాడు వంగి బూట్ల లేసులు విప్పుతున్నాడు. రెండు బూట్లూ కుర్చీ కిందికి నెట్టి, మేజోళ్ళతో ఆ చల్లటి నేల మీద నడిచి హాలు మధ్యకి వెళ్ళాడు.

"ఆ వ్యక్తి నేనే. నా పేరు దుర్గేష్," అన్నాడు ఇంగ్లీషులో. "అది గుమ్మడికాయ. లోపల కుంకుమ. దాన్ని శుభ్రం చెయ్యకుండా వచ్చాను, అది నా తప్పు, దానికి సారీ. ఇంక పేర్లు. మా పద్ధతిలో పేరు ముఖ్యం. పేరు చెప్పకుండా పూజ లేదు. ఆ రోజు నేను చదివింది మళ్ళీ చదువుతాను, వినండి."

కళ్ళు మూసుకున్నాడు. చేతులు జోడించాడు. షెడ్డులో లారీల చప్పుడుని మించి వినపడాలని చిన్నప్పుడు తండ్రి నేర్పిన గొంతు అది. నేనెప్పుడూ వినలేదు. హాలు పైకప్పు దాకా వెళ్ళింది.

"కాశ్యప గోత్రోద్భవస్య, గ్రాహం నామధేయస్య... కాశ్యప గోత్రోద్భవస్య, వారెన్ నామధేయస్య... కాశ్యప గోత్రోద్భవాయాః, షెరిల్ నామధేయవత్యాః..."

మిగతాదేమీ ఆ హాల్లో ఎవరికీ తెలియదు. పేర్లు మాత్రం తెలుస్తున్నాయి. ఒక్కొక్క పేరూ ఆ వరసలో ఒక్కొక్క మనిషి మీద పడుతోంది. వారెన్ అనేవాడు అలవాటుకొద్దీ తల వంచాడు. వంచాక తను చేసిందేమిటో తెలిసి బిక్కమొహం వేశాడు. షెరిల్ ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు చూసినా నాకు జాలి కలగలేదు. ఒక్క పేరు వదలకుండా అందరివీ చదివాడు. చివర మారిస్. మారిస్ తన ఆపరేషన్ కాలు మీద లేచి నిలబడి, అందరికీ కనపడేట్టు తల వంచాడు. క్షేమ, స్థైర్య, ధైర్య, ఆయురారోగ్యాలంటూ ముగించి దుర్గేష్ కళ్ళు తెరిచాడు.

రిపోర్టరమ్మాయి గ్రాహం వైపు తిరిగింది. "మీ పేరు విన్నాను నేను. మొదటిదే మీది. మీరు అక్కడున్నారా?"

"చాలామంది ఉన్నారు... నేను ఒక పక్కగా..." అని గ్రాహం నీళ్ళు నమిలాడు.

"పక్కగానా?" అన్నాడు మారిస్. "గుమ్మడికాయ పగలగొట్టింది నువ్వు. ముక్కలు కిందికి తన్నింది నువ్వు. ఊడుస్తానన్నవాణ్ణి వద్దన్నది నువ్వు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనొకణ్ణి. రాసుకో అమ్మాయ్."

ఆ అమ్మాయి రాసుకుంది. ఆమెని మెచ్చుకునే ఉద్దేశం నాకు లేదు. మొదటి రోజే ఒక ఫోన్ చేసుంటే సరిపోయేది.

అంతకంటే పెద్ద రోత ఆ తర్వాత వచ్చింది. ప్రభుత్వ ఆఫీసరు గొంతు సవరించుకుని, "గుమ్మడికాయ అయితే ఊడ్చుకోమని చెప్పి వదిలేసేవాళ్ళం. మొదటే చెప్పుంటే ఈ మీటింగే అక్కర్లేదు. పర్మిట్‌కి దీనికీ సంబంధం లేదు," అన్నాడు. అంటే, ఆ అబద్ధం ఎవరికీ అక్కర్లేదు! ఎవడూ అడగకుండానే, ఏ అవసరమూ లేకుండానే మనిషిని బలిచ్చారు.

సభ్యత్వం రద్దు ఓటుకి పెట్టాలి కాబట్టి పెట్టారు. రద్దు చేయాలనేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. ఒక్క చెయ్యి లేవలేదు. గ్రాహంది కూడా. అక్కడ కూడా మాట మీద నిలబడలేకపోయాడు.

దుర్గేష్ వచ్చి బూట్లు వేసుకున్నాడు. కొండ దక్కింది కదా, ఇప్పుడు మళ్ళీ ఆ రెండు మాటలూ అనేసి, వాళ్ళతో కలిసి ఆ సాసేజ్‌లు నములుతాడని నా భయం. బయటికొచ్చాం. కారు అద్దం మీద మంచు గీకుతుంటే మారిస్ వచ్చాడు.

"నా బండి నువ్వే వాడుకో మారిస్," అన్నాడు దుర్గేష్. "నేనింక రాను."

"గెలిచావు కదయ్యా."

"గెలిచాను. వాళ్ళతో కూర్చుని టీ తాగలేను. దసరాకి ఇంట్లో పూజ ఉంటుంది. నీ పేరు చదువుతాను."

ముసలాయన దుర్గేష్ భుజం పట్టుకుని నిలబడ్డాడు. దుర్గేష్ కొండ వైపు చూడలేదు. చూస్తే మనసు మారుతుందని తెలుసు కాబోలు. తను అంతగా ప్రేమించిన చోటుని తనే వదులుకుంటున్నాడని నాకు అప్పటికి తలకెక్కింది. వద్దని నోటిదాకా వచ్చింది.

అప్పుడే గ్రాహం హాల్లోంచి బయటికొచ్చాడు. మొహం నిండా నవ్వు. ఏమీ జరగనట్టే చెయ్యి చాపుకుంటూ వచ్చాడు.

"మనసులో పెట్టుకోకు డర్గ్. మీడియా సంగతి తెలుసుగా నీకు. వచ్చే నెల వస్తావుగా? వారెన్ కొత్త బండి కొంటున్నాడు, కొబ్బరికాయ తీసుకురా. ఈసారి షెడ్డులో తలుపులేసుకుని చేద్దాం."

ఆ చేతి మీద ఉమ్మేయాలనిపించింది నాకు. దుర్గేష్ జేబులోంచి కొండ మీది క్లబ్బు గది తాళంచెవి తీసి, చాపిన ఆ చేతిలో పెట్టాడు.

"నీ పేరు ఇంక ఎప్పుడూ చదవను గ్రాహం," అన్నాడు మెల్లగా.

దుర్గేష్ ఒక మనిషిని అంతకంటే పెద్ద మాట అనలేడు. గ్రాహం తాళంచెవి జేబులో వేసుకుని, హాయిగా నవ్వాడు.

"నో వరీస్, మేట్."